మూత పెట్టారా?

"ఏమీ పడకుండా చూడు నాన్నా" అని చెప్పి కూతురు వెళ్లి పది నిమిషాలైంది. ఆయన అప్పటినుంచి ఆ గుడ్డ మీద నుంచి చూపు తిప్పలేదు. వ్యాను ముందు సీటు ఎత్తి వెనక్కి ఆనించి ఉంది, సీటు కింద ఇంజిను, ఇంజిను నెత్తిన ఒక గుండ్రటి నోరు, ఆ నోటి మీద నాలుగు మడతలు వేసిన తెల్లగుడ్డ. ఆ నోట్లోంచే ఇంజినుకి ఆయిల్ పోస్తారు. దాని మూత ఇప్పుడు కూతురి చేతిసంచిలో, కాగితంలో చుట్టుకుని, విడిభాగాల దుకాణానికి ప్రయాణంలో ఉంది. బండి పాతది కాబట్టి పాత మూత చూపిస్తే తప్ప సరిపోయే కొత్త మూత దొరకదట. చూపించడానికే తీసుకెళ్లింది, ఇంకెందుకూ కాదు, అని ఆయన తనకు తాను నచ్చజెప్పుకుంటున్నాడు. ఎందుకంటే ఆ మూత అంచు చుట్టూ పట్టకారు పళ్లు దిగిన గాట్లున్నాయి, ఒకచోట ప్లాస్టిక్కు చిట్లి ముక్క లేచిపోయింది, లోపలి రబ్బరు రింగు నలిగి నలిగి ఎండిన రొట్టె అంచులా అయింది, ఆ పట్టకారేమో ఎవరి కంటా పడకుండా ఇప్పుడు ఆయన ప్యాంటు జేబులో తొడకి గుచ్చుకుంటోంది. ముప్పై రెండేళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడికి ఒక గుడ్డకి కాపలా కాసే ఉద్యోగం వచ్చిందని నవ్వొచ్చింది. ఊపిరికి గుడ్డ కదులుతుందేమోనని మొహం పక్కకి తిప్పుకుని నవ్వాడు.

షెడ్డు రేకుల కప్పు కింద ఇంకా చల్లగానే ఉంది. గోడకి టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, మూలన కొళాయి చుక్క చుక్కగా కారుతూ కింద పెట్టిన బకెట్టులో ఒకటే మాట చెబుతోంది, పక్కన నిలబెట్టిన కారు కిందనుంచి మెకానిక్కు కాళ్లు రెండు బయటికున్నాయి. గోడగడియారంలో పదింటికి ఐదు నిమిషాలు తక్కువ. పదకొండింటికి బండి కొనేవాడు వస్తాడు. ఆ బేరం కుదిర్చింది ఈ కాళ్ల మనిషే. నెల రోజులుగా గున్న పొగ కక్కుతోంది. గున్న అంటే ఈ వ్యానే, ముక్కు లేని మొహం, పొట్టి ఒళ్లు, చిన్న చిన్న కళ్లలాంటి దీపాలు చూసి ఏనుగుపిల్లలా ఉందని ఆయన భార్య పెట్టిన పేరు. మాడిన ఆయిల్ వాసన సీటు కిందినుంచి లేచి వెనక పేర్చిన దుప్పట్లలోకి దూరుతోంది. దుప్పట్లంటే అవి ఆసుపత్రి దుప్పట్లు, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, లెక్కన కట్టలు కట్టి, రోజూ మధ్యాహ్నం పన్నెండింటికల్లా వెనక గేటు దగ్గర అప్పగించాల్సినవి. మొన్న పెద్ద నర్సమ్మ పై దుప్పటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "అమ్మాయ్, మా రోగులకి ఊపిరాడాలా, వద్దా? ఇంకొక్కసారి ఈ కంపు వచ్చిందంటే వేరేవాళ్లని చూసుకుంటాం" అంది. మెకానిక్కు ఇంజిను మీద చేయి వేసి, వేళ్లకంటిన నల్లటి జిడ్డు చూపించి, లోపల పిస్టన్ రింగులు అరిగిపోయాయి, దీన్ని విప్పి కట్టడం కన్నా అమ్ముకోవడం నయం అన్నాడు. కూతురు ఒక్క నిమిషం ఆలోచించి, "పదకొండు దాకా ఆగు అన్నా. మూత మార్చి చూస్తాను. అప్పటికీ కారితే అమ్మేస్తాను" అంది. అనడం అయిపోయింది. ఆ పిల్ల ఒక మాటంటే ఇక దానికి తిరుగు లేదు, ఆయన భయమల్లా అదే. వాళ్లమ్మ కూడా అంతే.

కానీ పొద్దున ఆ పిల్లని చూడాల్సింది. ఎంత ధీమాగా నిలబడిందని! ఇంజిను నడుస్తూ ఉంది. మూత వేళ్లకి రాలేదు, మెకానిక్కు సరంజామాలోంచి ఏదో తీసి తిప్పితే కిర్రుమంటూ వచ్చింది, ముక్క ఊడింది. "దీన్ని బిగించింది మనిషా, మిషనా?" అని మెకానిక్కు నవ్వాడు. ఆయన నవ్వలేదు. కూతురు ఆ మూతని అటూ ఇటూ తిప్పి చూసింది, తండ్రి వైపు చూడలేదు. తర్వాత దాన్ని తిరగేసి, బిగించకుండా, ఆ నోటి మీద ఊరికే ఆనించి చేతులు కట్టుకుంది. మెకానిక్కు నవ్వు ఆపాడు. ముగ్గురూ వంగి చూశారు. రింగులు పోయిన ఇంజినైతే లోపలి గాలి తన్నుకొచ్చి మూత ఎగిరి అవతల పడాలి. గున్న మూత ఎగరలేదు. కాగే పాల గిన్నె మీద పళ్లెంలా సన్నగా వణికింది, వణుకుతూనే కూర్చుంది. "ఇంజిను బాగానే ఉంది అన్నా. మూత అంచులోంచి ఆయిల్ కారి వేడి ఇనుము మీద పడి మాడుతోంది, అంతే" అంది. మెకానిక్కు గడ్డం గోక్కుని, "ఏమో మరి, చూద్దాం" అన్నాడు. ఆ 'ఏమో'లో సగం ఒప్పుకోలు ఉందని ఆయనకి అర్థమైంది. పరీక్ష పేపర్లు దిద్దినవాడు కదా, సగం మార్కులు ఎక్కడ దాక్కుంటాయో తెలుసు.

ఆ తిరగేసిన మూత ఆయన ముందొకసారి చూశాడు. పధ్నాలుగేళ్ల కిందట, పాతబండ్లు అమ్మే ఖాళీస్థలంలో, ఎండలో. ఆవిడ ముందు, ఆయన వెనక. ఆవిడ చేతిలో గొడుగు, ఆయన చేతిలో ఆవిడ సంచి. అమ్మేవాడు ఆయనతోనే మాట్లాడుతున్నాడు, రండి సార్, చూడండి సార్, కొత్తబండి లెక్క సార్. ఆవిడ ఆ మాటలేవీ విననట్టు, "స్టార్ట్ చెయ్యి బాబూ" అని, సీటు ఎత్తించి, మూత తీసి, తిరగేసి పెట్టింది. మొదటి బండి మూత ఎగిరి అమ్మేవాడి కాలి మీద పడింది. రెండోది నాట్యం చేసింది. మూడోది ఎటు పోయిందో వెతకడానికే పావుగంట పట్టింది. ఆయనకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి, నలుగురూ పోగయ్యారు, పోదాం పద అని కొంగు దగ్గర గొణిగాడు కూడా. నాలుగోది పొట్టిది, తెల్లది, ఒక పక్క సొట్టపోయింది. దాని మూత కదలకుండా కూర్చుంది. ఆవిడ గొడుగు ముడిచింది. అంతే, బేరం అయిపోయింది. ఇంటికొచ్చేప్పుడు, ఇదంతా నీకెవరు నేర్పారు అని అడిగాడు. ఆసుపత్రి వెనక గేటు దగ్గర లారీ డ్రైవర్లు ఉంటారు, అడిగితే చెప్పారు అంది. "మీరు చెప్తారే గానీ అడగరు" అని కూడా అంది. నవ్వుతూనే అంది. ఆయన నల్లబల్ల మీద రంగు సుద్దముక్కలతో ఇంజిను బొమ్మ ముప్పై రెండేళ్లు గీశాడు, పీల్చడం, నొక్కడం, పేలడం, వదలడం, నాలుగు బొమ్మలు, నాలుగు రంగులు. బొమ్మ గీసిన ప్రతిసారీ మొదటి వాక్యం ఒకటే, ఈ ఇంజిన్లో ఎక్కడా ఏమీ కారదని అనుకుందాం. పిల్లలు రాసుకునేవాళ్లు. అనుకుందాం. ఇంట్లో ఆవిడ మాత్రం ఏదీ అనుకునేది కాదు, మూత తీసి చూసేది.

మూత. ఆయన జన్మలో ఒక మూత సరిగ్గా పెట్టిన దాఖలా లేదు. ఊరికే అలా ఆనించి వచ్చేసేవాడు, బుర్ర ఇంకెక్కడో ఉండేది. చక్కెర సీసా మూత పట్టుకుని ఆవిడ ఎత్తితే మూత చేతిలో ఉండిపోయి సీసా కిందపడి ఇల్లంతా చక్కెరా గాజుపెంకులూ, రెంటికీ తేడా తెలియక మోకాళ్ల మీద కూర్చుని ఇద్దరూ గంటసేపు ఏరారు. పెన్ను మూత పెట్టకుండా జేబులో పెట్టుకుని ఎన్ని చొక్కాలు పాడుచేశాడో. దుప్పట్లు మంచులా ఉతికే మనిషికి మొగుడి చొక్కా మీది సిరా మరక తలవంపులు కాదూ. అందుకే ఆ ప్రశ్న. ఏ గదిలో ఉన్నా, ఆయన ఏ గదిలోంచి వస్తున్నా, "మూత పెట్టారా?" గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే, "మూత పెట్టారా?" దేని మూత అని కూడా అడిగేవాడు కాదు, పెట్టాను అనేసేవాడు, అన్నాక వెనక్కి వెళ్లి పెట్టొచ్చేవాడు. ఆవిడ పోయాక మొదటి వారం ఇంటినిండా మనుషులు. రెండో వారం కాఫీ పొడి సీసా తీసి, కాఫీ కలుపుకుని, గదిలోకి వస్తూ ఆగాడు. ఎవరూ అడగలేదు. వెనక్కి వెళ్లి మూత పెట్టాడు. ఇంకొంచెం తిప్పాడు. ఇంకొంచెం. అరచేయి ఎర్రబడేదాకా తిప్పాడు. అది మొదలు. కాఫీ సీసా, నూనె సీసా, తలనొప్పి మందు డబ్బా, ఇంట్లో ఏ మూతా ఒక చేతికి వచ్చేది కాదు. రోజూ పొద్దున్నే వంటగదిలోంచి టక్ టక్ మని చెంచా చప్పుడు, కొళాయి వదిలిన చప్పుడు, పిల్ల ఏదో పాటకి తాళం వేసుకుంటోందనుకునేవాడు. మూడేళ్లు అలాగే అనుకున్నాడు. ఇవాళ పొద్దున మూత కిర్రుమని ఊడినప్పుడు తెలిసింది, అది తాళం కాదు. పిల్ల సీసా మెడ మీద చెంచాతో కొట్టి, వేడినీళ్ల కింద పెట్టి, మూత తీసుకుంటోంది. ఒక్కరోజు కూడా ఒక్క మాటా అనలేదు.

ఆదివారం పొద్దున గున్నకి ఆయిల్ చూడటం ఆవిడ పని. ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, తుడిచి, మళ్లీ ముంచి, లాగి, వెలుతురుకేసి పట్టి, రెండు గీతల మధ్య ఎక్కడుందో చూసి, తక్కువైతే కొంచెం పోసి, మూత తిప్పి, అరచేత్తో దాని నెత్తిన రెండుసార్లు తట్టేది, బడికి పంపే పిల్లని తట్టినట్టు. ఆవిడ పోయిన మూడోరోజున కూతురు ఉద్యోగానికి సెలవు చెప్పి గున్నని బయటికి తీసింది. ఇంటికొచ్చిన బంధువులు నోళ్లు వెళ్లబెట్టారు, ఆయనకీ మనసు చివుక్కుమంది, అప్పుడే పనేమిటమ్మా అన్నాడు. "అక్కడ పడుకున్నవాళ్లకి దుప్పటి మార్చాలి కదా నాన్నా" అంది ఆ పిల్ల, కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి, చేతులు మాత్రం గేరు మీద ఉన్నాయి. ఆ తర్వాత సెలవు సెలవుగానే ఉండిపోయింది, ఉద్యోగానికి మళ్లీ వెళ్లలేదు. వాళ్లమ్మ ఒక్క ఆసుపత్రితో మొదలుపెట్టింది, పిల్ల దాన్ని మూడు ఆసుపత్రులకి పెంచింది, ఇద్దరు పనివాళ్లని పెట్టింది, ఆరేళ్లప్పుడు ఆ దుప్పటి కట్టల మధ్యే ముడుచుకుని నిద్రపోయిన పిల్ల. ఆ రెండో వారం ఆదివారం ఆయిల్ ఎవరు చూడాలి? ఆయన చొక్కా చేతులు మడిచి, ఆవిడ చేసినవన్నీ వరసగా చేశాడు. పుల్ల, గుడ్డ, వెలుతురు, గీతలు. మూత తిప్పాడు, ఆగింది. ఆగింది నిజమేనా? చక్కెర సీసా కూడా ఆగినట్టే ఉండేది. దారిలో, పిల్ల బండి తోలుతుండగా, ఈ మూత కూడా ఊడిపోతే? పట్టకారు తెచ్చాడు. అలా నూట యాభై ఆదివారాలు. రబ్బరుకి ఒక హద్దుంటుంది, ఆ హద్దులోపు నొక్కితే మళ్లీ లేస్తుంది, దాటి నొక్కితే ఇక లేవదు, అని రబ్బరుబ్యాండు సాగదీసి చూపించి ఎంతమంది చేత రాయించాడో. గట్టిగా బిగించినకొద్దీ భద్రం అని ఏ పుస్తకంలోనూ లేదు. తనే రాసుకున్నాడు, తనే నమ్మాడు, తనే బిగించాడు.

గాలి వీచింది. గుడ్డ ఒక మూల లేచింది. ఆయన ఉలిక్కిపడి చేత్తో అదిమాడు. ఆ మూలన నీలం దారంతో వేసిన చిన్న గుర్తు, అడ్డంగా మూడు కుట్లు. చిరిగిన దుప్పట్లు ఇలా గుడ్డముక్కలై గున్నకి పనికొస్తాయి, గుర్తు మాత్రం పోదు. ఏ ఆసుపత్రిలో ఎన్నివేల దుప్పట్లున్నా మనవి మనం పోల్చుకోవాలి కదా అని ఆవిడ మొదటి ఏడే మొదలుపెట్టిన గుర్తు, సాయంత్రాలు ఆయన వార్తలు వింటుంటే ఆవిడ కుట్టేది, ఆయన సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేవాడు, ఆ ఒక్క పనిలో తనకి పేరుండేది. ఆఖరి రోజు ఆవిడ పడుకున్నదీ ఆసుపత్రి మంచం మీదే. మధ్యాహ్నం నిద్రపోతోందనుకున్నాడు. ఆవిడ కళ్లు మూసుకునే, పక్కమీద చేత్తో తడుముకుంటూ, తడుముకుంటూ, దుప్పటి మూల దొరకబుచ్చుకుని, బొటనవేలితో ఆ మూడు కుట్లూ రాసి చూసింది. "మనదే" అంది. ఎంత గొప్పగా అందని! తన ఇంట్లో తన మంచం మీద పడుకున్నట్టే అంది. ఆ తర్వాత ఆవిడ మాట్లాడిన మాటల్లో ఆయనకి స్పష్టంగా వినిపించింది మరొకటి లేదు. ఆరోజు దేవుడి మీద ఎంత కోపం వచ్చినా, పరాయి దుప్పటి మీద పడుకోబెట్టలేదని ఒక్క దానికి మాత్రం దణ్ణం పెట్టుకున్నాడు.

"ఇదేనా బండి?"

తలెత్తితే గళ్ల చొక్కా మనిషి. పదకొండుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. కొనేవాళ్లు ముందే వస్తారు, అమ్మేవాళ్లు కంగారులో ఉంటారని. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు, టైరుని కాలితో తన్నాడు, తలుపు తీసి వేసి చప్పుడు విన్నాడు, పెదవి విరిచాడు.

"మీదేనా పెద్దాయనా?"

"మా అమ్మాయిది."

"ఇంజిను పోయిందట కదా. సీట్లూ, తలుపులూ, అద్దాలూ పనికొస్తాయేమో. ఏదీ, ఆ గుడ్డ తీయండి చూద్దాం" అని చేయి చాపాడు.

"ముట్టుకోకు!"

వెనక బెంచీ దాకా వినిపించే గొంతు అది, ఎన్నేళ్లయిందో వాడి. గళ్ల చొక్కా చేయి గాల్లోనే ఆగిపోయింది. కారు కింది కాళ్లు కదిలాయి, మెకానిక్కు చక్రాల పలక మీద జారుతూ బయటికొచ్చి పడుకునే తల ఎత్తి చూశాడు. ఆయన లేచి నిలబడ్డాడు. "ఇంజిను పోలేదు. పొద్దున పరీక్ష చేసింది మా అమ్మాయి. పధ్నాలుగేళ్ల కిందట దీన్ని కొనేటప్పుడు వాళ్లమ్మ చేసింది ఇదే పరీక్ష. రెండుసార్లూ పాసైంది. ఈ బండి ఒక్కరోజు కూడా ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లలేదు. వానలో వెళ్లింది, కర్ఫ్యూలో వెళ్లింది, వాళ్లమ్మ పోయిన మూడోరోజు వెళ్లింది. దీనికేమీ కాలేదు. మూత పోయింది. ఆ మూత..." ఇక్కడ ఆగొచ్చు. ఆగితే ఎవరికీ తెలియదు. పట్టకారు జేబులో ఉంది, ఇంటికెళ్లాక ఏ అటక మీదో పడేయొచ్చు. కానీ మూత సంగతి దాచిపెట్టి ఇంజినుకి సాక్ష్యం చెబితే అది సగం సాక్ష్యం. "ఆ మూతని పాడుచేసింది నేను. మూడేళ్లుగా ప్రతి ఆదివారం పట్టకారుతో బిగించాను." జేబులోంచి తీసి చూపించాడు కూడా.

మెకానిక్కు లేచి కూర్చున్నాడు. "మీరా మాస్టారూ! నేనింకా ఏ ఏనుగో దాని మీద కూర్చుందనుకున్నా."

"పొద్దున నువ్వడిగినప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసింది."

"నాకూ సిగ్గేస్తోంది లెండి. ఆ జిడ్డు చూసి రింగులే అనేశా. మూత ఇంతలా కారుతుందని ఎవడనుకుంటాడు?" గోక్కోవడానికి గడ్డం దగ్గరికి పోయిన చేయి జిడ్డు చూసుకుని వెనక్కి వచ్చింది. "చెల్లెమ్మకి తెలుసా?"

"తెలీదు."

"నేను చెప్పన్లెండి."

"వద్దు. నేనే చెప్తాను."

గళ్ల చొక్కా మనిషికి ఈ గొడవ ఏమీ అంతుపట్టలేదు. "మూత పోయిందంటారు, ఇంజిను బాగుందంటారు, మరి నన్నెందుకు రమ్మన్నట్టు?" అని టైర్ల దొంతర మీద కూర్చుని ఫోను తీశాడు.

కూతురు వీధి మలుపు తిరగగానే ఆయన ఆ నడక చూసే పోల్చుకున్నాడు. గబగబా, చేతులు ఊపుకుంటూ, దారికి అడ్డొచ్చినవాళ్లే తప్పుకోవాలన్నట్టు నడుస్తుంది, సంచి భుజం మీద నుంచి జారుతుంటే ఎగదోసుకుంటుంది. నుదుటి మీద చెమట, ముక్కు మీద ఎప్పుడంటిందో ఒక నల్లటి మరక. వాళ్లమ్మ పనిలోకి దిగితే ముక్కు మీదే మరక. మూడు దుకాణాలు తిరిగానన్నా, మొదటివాడు ఉన్నదాన్నే బలవంతంగా అంటగట్టబోయాడు, మర చుట్లు సరిపోక తిరగ్గొట్టా, అని మెకానిక్కుతో చెబుతూ వచ్చింది. టైర్ల మీది మనిషిని చూసి, "పదకొండు కాలేదుగా?" అంది. ఆయన గుడ్డ మీద నుంచి చేయి తీయకుండానే మొదలుపెట్టాడు.

"అమ్మడూ, ఆ పాత మూత..."

"ఊఁ."

"దాన్నలా చేసింది నేనే."

"తెలుసు నాన్నా."

"దుకాణంవాడు చెప్పాడా?"

"దుకాణంవాడెందుకు? మన కాఫీ సీసా చెప్తోందిగా మూడేళ్ల నుంచి." సంచిలో చేయి పెట్టి వెతుకుతూనే మాట్లాడుతోంది. "కాకపోతే వేళ్లతోనే అంత బిగిస్తున్నావనుకున్నా. అబ్బో, మా నాన్నకి ఎంత బలమో అని మురిసిపోయా. పట్టకారు సంగతి ఇవాళే తెలిసింది."

మెకానిక్కు నవ్వు ఆపుకోలేక కొళాయి దగ్గరికి పోయాడు. ఆయన గుడ్డని ఇంకాస్త అదిమి పట్టుకున్నాడు. "మరి తెలిస్తే చెప్పొద్దూ?"

కూతురు వెతకడం ఆపింది. "అమ్మ పోయాక ఏడాదిపాటు నువ్వు గుమ్మం దాటింది ఆ ఒక్క పనికే. ఆదివారం పొద్దున చొక్కా చేతులు మడుచుకుని బయటికొచ్చేవాడివి. కిటికీలోంచి చూసేదాన్ని. అదీ వద్దనమంటావా? మూత పోతే మూత కొనుక్కోవచ్చు."

"బండి పోయేది కదమ్మా."

"పోలేదుగా" అంది, కాగితం పొట్లం విప్పి కొత్త మూత ఆయన అరచేతిలో పెట్టింది. "పెట్టు."

"నేనా?"

"ఆదివారం డ్యూటీ ఎవరిది?"

కొత్త మూత నల్లగా, తేలిగ్గా ఉంది. లోపలి రబ్బరు రింగు పసిపిల్ల చెవితమ్మెలా మెత్తగా ఉంది, నొక్కితే లోపలికి పోయి మళ్లీ లేచింది. కూతురు గుడ్డ ఎత్తి, ఆ నోటి అంచునీ ఇంజిను ఒంటి మీది జిడ్డునీ వేరే గుడ్డతో శుభ్రంగా తుడిచేసింది. ఆయన పుల్ల లాగి, తుడిచి, ముంచి, వెలుతురుకేసి పట్టాడు, రెండు గీతల మధ్యే ఉంది. వేలికొసకి ఒక చుక్క ఆయిల్ అద్దుకుని రబ్బరు మీద రాశాడు. మూత ఆనించి తిప్పాడు. మర దొరికింది. మెత్తగా వెళ్తోంది, వెళ్తోంది, లోపలెక్కడో రబ్బరు ఆనుకుని ఇక చాలన్నట్టు ఆగింది. ఆయన చేయి ఆగలేదు. ఇంకొక్క పావు. ఒక్క పావు తిప్పితే ఏం పోయింది? దారిలో పిల్ల బండి తోలుతుంటే. "ఆగిన చోట ఆగు నాన్నా" అని కూతురు మెల్లిగా అంది. రెండో చేయి అప్పటికే జేబు దగ్గరికి పోయింది. కొళాయి దగ్గర్నుంచి మెకానిక్కు తడిచేయి చాపుకుంటూ వచ్చాడు, "మాస్టారూ, ఆ జేబులోది ఇటివ్వండి. అది మా షెడ్డులో ఉండాల్సిన సరుకు. ఇక మీ ఇంట్లో కనబడకూడదు." ఆయన పట్టకారు ఇచ్చేశాడు. జేబు తేలికైంది. మూత మీద నుంచి వేళ్లు ఒక్కొక్కటే తీశాడు, బొటనవేలు ఆఖరున. మూత పెట్టారా? పెట్టాను. ఈసారి వెనక్కి వెళ్లి చూసుకోనక్కర్లేకుండా పెట్టాను. అరచేత్తో దాని నెత్తిన రెండుసార్లు తట్టాడు.

గున్న మొదటి తిప్పుకే లేచింది. సీటు ఎత్తే ఉంచి నలుగురూ చుట్టూ నిలబడ్డారు, గళ్ల చొక్కా కూడా ఫోను జేబులో పెట్టుకుని వచ్చి వంగాడు. ఐదు నిమిషాలు. పది. కూతురు యాక్సిలరేటరు నొక్కి పట్టింది, ఇంజిను గొంతు పెంచింది, షెడ్డు రేకులు గణగణమన్నాయి. అంతకుముందు అంటుకున్న జిడ్డేదో కాసేపు సన్నగా ఆవిరై, ఆగిపోయింది. మెకానిక్కు ముక్కు ఎగబీల్చాడు. ఆయన కూడా పీల్చాడు. వేడి ఇనుము వాసన, దుమ్ము, వెనకనుంచి కట్టల్లోని సబ్బు వాసన. ఇరవై నిమిషాలకి కూతురు ఇంజిను ఆపకుండానే తెల్లగుడ్డ శుభ్రంగా ఉన్న వైపు మడిచి, మూత కింద చుట్టూ, వేలు పెట్టి అదుముతూ, తొందరేమీ లేనట్టు ఒక చుట్టు తిప్పింది. గోడగడియారం పదకొండుంబావు చూపిస్తోంది. గుడ్డ తీసి తను చూడకుండానే మెకానిక్కుకి చూపించింది. మెకానిక్కు చూసి, గళ్ల చొక్కా వైపు తిరిగి, "టీ తాగెళ్దువుగాని, కూర్చో. బండి మాత్రం లేదు" అన్నాడు.

"ముందే చెప్పాడు పెద్దాయన" అన్నాడు గళ్ల చొక్కా, కోపమేమీ లేకుండానే.

అప్పుడు చూసింది కూతురు. చూసి, నవ్వు పెదవుల దాకా రాకముందే సీటు దింపి, అద్దం సరిచేసుకుంటూ, "ఎక్కు నాన్నా, పెద్ద నర్సమ్మ గేటు దగ్గర ముక్కు పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది" అని గుడ్డ ఆయన ఒళ్లోకి విసిరింది. ఆయన ఇంజిను మీది సీటులో కూర్చున్నాడు. కింది నుంచి వెచ్చగా, సన్నటి వణుకు, కాగే పాల మీది పళ్లెంలా. గున్న షెడ్డు దాటి వీధిలోకి తిరిగింది. పిల్ల ఒక చేత్తో స్టీరింగు తిప్పుతోంది, ముక్కు మీద మరక అలాగే ఉంది, చెప్పబుద్ధి కాలేదు. ఒళ్లో గుడ్డ విప్పి, మూత చుట్టూ తుడిచిన వైపు చూశాడు. తెల్లగా ఉంది. మూల దొరికింది, బొటనవేలితో రాసి చూశాడు, ఒకటి, రెండు, మూడు.

"ఏంటి నాన్నా?"

"మనదే" అన్నాడు.